అరువివ్వడానికి వీల్లేని పుస్తకం

అచ్చు పుస్తకం మీద మన దేశంలో జీఎస్టీ సున్నా. అదే పుస్తకాన్ని ఈ-బుక్‌గా కొంటే, 2017లో జీఎస్టీ వచ్చిన కొత్తలో 18 శాతం కట్టాల్సి వచ్చేది. ఏడాది తర్వాత, 2018 జులైలో, అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-బుక్‌ల వరకు దాన్ని 5 శాతానికి దించారు. దించారే తప్ప ఎత్తెయ్యలేదు. రచయిత అతనే, కథ అదే, అక్షరాలూ అవే. కానీ పన్ను లెక్కలో ఈ-బుక్ సరుకు కాదు, ఆన్‌లైన్‌లో అందించే సేవ.

చదివేవాళ్లకు ఇది సర్కారీ చాదస్తంలా అనిపిస్తుంది. నిజానికి ఈ వ్యవహారంలో ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది పన్నులవాళ్లే. అమ్మే కంపెనీలు మాత్రం చాలా ఏళ్ల పాటు పెద్దక్షరాల్లో ‘కొనండి’ అని బటన్ పెట్టి, ఇది అమ్మకం కాదు, చదువుకోవడానికి ఇస్తున్న లైసెన్స్ మాత్రమే అన్న సంగతిని ఎవరూ చదవని షరతుల్లో దాచాయి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దీని మీద చట్టమే చెయ్యాల్సి వచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు, కొనేవాడి చేతికి వస్తున్నది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అన్న మాట వాడకూడదు.

ఆ లైసెన్స్ ఎంత పలచనిదో 2009 జులైలోనే కొందరికి తెలిసొచ్చింది. జార్జ్ ఆర్వెల్ నవలలు ‘1984’, ‘యానిమల్ ఫామ్’ అమెజాన్ కిండిల్‌లో కొనుక్కున్న అమెరికన్లు ఒకరోజు చూసుకునేసరికి అవి లేవు. డబ్బు మాత్రం వెనక్కి వచ్చింది. ఆ ప్రతుల్ని కిండిల్ స్టోర్‌లో పెట్టిన సంస్థకు అమెరికాలో హక్కులు లేవని తర్వాత తెలిసింది. ఆర్వెల్ 1950 జనవరిలో చనిపోయాడు. రచయిత పోయాక 50 ఏళ్ల లెక్క పాటించిన కెనడా, ఆస్ట్రేలియాల్లో ఆ పుస్తకాలు అప్పటికే అందరివీ అయిపోయాయి. అమెరికాలో మాత్రం ‘1984’ మీద కాపీరైట్ 2044 దాకా ఉంటుంది. మన దేశంలో 60 ఏళ్ల లెక్క, కాబట్టి 2011 జనవరి 1న తీరిపోయింది. హక్కులు లేని ప్రతిని అమ్మకుండా ఆపడం సబబే. అమెజాన్ అక్కడితో ఆగకుండా, అప్పటికే కొన్నవాళ్ల చేతుల్లో ఉన్న కిండిల్‌లలోంచి కూడా పుస్తకాన్ని చెరిపేసింది.

మిషిగన్ రాష్ట్రంలో ఒక హైస్కూలు కుర్రాడు బడి పని కోసం ‘1984’ చదువుతూ, ఎక్కడికక్కడ నోట్సు రాసుకున్నాడు. పుస్తకం పోయాక నోట్సు మిగిలింది గానీ, ఏ మాట ఏ వాక్యం గురించి రాసుకున్నాడో చూసుకోవడానికి ఆ వాక్యాలు లేవు. కోర్టుకెక్కాడు. చివరికి 1,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. తాము చేసింది తెలివితక్కువ పని అని అప్పటి అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ బహిరంగంగా ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. మన దగ్గర అచ్చు పుస్తకాల దొంగ ముద్రణ సంగతి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు ఏరుకునేవాళ్లందరికీ తెలుసు. పోలీసులు ఎప్పుడైనా దాడి చేస్తే అమ్మేవాడి దగ్గర పట్టుకుపోతారు. పోయిన ఆదివారం కొనుక్కెళ్లినవాడి ఇంటికొచ్చి బీరువా తెరవరు.

తర్వాతి ఉదంతాల్లో దొంగ ప్రతుల గొడవ కూడా లేదు. మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ దుకాణం గిట్టుబాటు కాక 2019 ఏప్రిల్‌లో మూసేస్తున్నట్టు చెప్పింది. జులై నుంచి అక్కడ కొన్న పుస్తకాలు తెరుచుకోవడం ఆగిపోయింది. డబ్బు మొత్తం వాపసు ఇచ్చారు. మార్జిన్‌లో నోట్సు రాసుకున్నవాళ్లకు అదనంగా 25 డాలర్లు. పాఠకుడి రాతలకు ఎవరైనా ధర కట్టారంటే బహుశా అప్పుడే.

2023 ఫిబ్రవరిలో ఇంకో రకం. పిల్లల రచయిత రోల్డ్ డాల్ పుస్తకాల్లో నొప్పించే మాటలున్నాయని ప్రచురణకర్త పఫిన్ వాటిని మార్చి కొత్త కూర్పులు వేసింది. ఆ మార్పులు మంచివా కావా అన్నది వేరే తగవు. పాత కూర్పును ఈ-బుక్‌గా కొన్నవాళ్లకు మాత్రం చెప్పాపెట్టకుండా కొత్త కూర్పు వచ్చి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినట్టే పుస్తకమూ అప్‌డేట్ అయింది. అచ్చు ప్రతి కొన్నవాళ్ల దగ్గర పాతది పాతదిగానే ఉంది.

అచ్చు పుస్తకానికి ఆ ధీమా ఎక్కణ్ణుంచి వచ్చింది? కాగితం గట్టిది కావడం ఒక కారణం. రెండోది చట్టం. అమెరికాలో బాబ్స్-మెరిల్ అనే ప్రచురణ సంస్థ 1904లో ‘ది కాస్టవే’ అన్న నవల వేసి, లోపలి పేజీలో ఒక హెచ్చరిక అచ్చు గుద్దింది: ధర ఒక డాలరు, అంతకు తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘనే. న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1908లో తేలింది. ప్రతిని ఒకసారి అమ్మాక దాన్ని తర్వాత ఎవరు ఎంతకు అమ్ముతారో శాసించే హక్కు ప్రచురణకర్తకు లేదు. పెత్తనం రచన మీదే గానీ, చేతులు మారిన కాగితం మీద కాదు. ఆ తీర్పు మొత్తం ఒక పుస్తకం లోపల అచ్చేసిన షరతు గురించే. నూరేళ్ల తర్వాత అదే షరతు ఈ-బుక్ లైసెన్స్‌గా తిరిగొచ్చింది.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం కూడా ఇదే మాట చెబుతుంది. పద్నాలుగో సెక్షన్ ప్రకారం, ఒకసారి అమ్ముడుపోయిన ప్రతి చలామణిలో ఉన్నట్టే లెక్క. దాన్ని మళ్లీ అమ్మొచ్చు, ఇచ్చుకోవచ్చు. యద్దనపూడి, యండమూరి నవలల్ని రోజుకింత అద్దెకిచ్చి సందుసందునా బతికిన అద్దె లైబ్రరీలు, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు, కోఠిలో సెకండ్ హ్యాండ్ గైడ్లు, ఇవన్నీ నడిచింది చట్టం కళ్లుగప్పి కాదు. చట్టం ఇచ్చిన నీడలోనే. రచయితలు ఆ అద్దె డబ్బులో వాటా అడగలేదు, చట్టం ఇవ్వనూ లేదు. అయినా ఆ అద్దె పాఠకులే వాళ్లను పాపులర్ రచయితలను చేశారు.

ఈ-బుక్‌కూ ఆ హక్కు కావాలని అడిగినవాళ్లు లేకపోలేదు. నెదర్లాండ్స్‌లో టామ్ కాబినెట్ అనే సంస్థ చదివేసిన ఈ-బుక్‌లను మళ్లీ అమ్మిపెట్టే ఏర్పాటు చేసింది. 2019 డిసెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం కుదరదంది. కాగితం నలుగుతుంది, అంచులు చిరుగుతాయి, వెల తగ్గుతుంది. ఫైలు నలగదు, వాడేసిన ప్రతి కొత్తదాంతో పోటీ పడుతుంది. ఆ తర్కంలో పస ఉంది. కానీ దాని ఫలితం ఏమిటంటే, పాఠకుడు కొత్త పుస్తకానికి పెట్టినంత డబ్బే పెట్టి, పాత పుస్తకానికున్న హక్కు కూడా లేకుండా ఇంటికెళ్తాడు.

ఈ షరతులన్నిటినీ అమలుచేసేది తాళం. సాంకేతికంగా దాన్ని డీఆర్‌ఎం అంటారు. అడోబ్ పద్ధతిలో తాళం వేసిన ఈ-బుక్ కొంటే ముందు చేతికొచ్చేది పుస్తకం కాదు, చివర ‘ఏసీఎస్ఎం’ అని ఉండే చిన్న ఫైలు. మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అందులో కథ ఉండదు. పుస్తకం పేరు, లావాదేవీ గుర్తు, ఏ సర్వర్‌ను అడగాలన్న చిరునామా ఉంటాయి. అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ అన్న సాఫ్ట్‌వేర్ ఆ చీటీ పట్టుకుని సర్వర్ దగ్గరికి పోయి, కొన్నవాడి ఐడీ చూపించి, అసలు పుస్తకం తెస్తుంది. వచ్చిన ఫైలులో అక్షరాలన్నీ గజిబిజిగా కలిపేసి ఉంటాయి. వాటిని విడదీసే తాళంచెవి ఆ ఐడీకి, దానితో నమోదైన పరికరాలకు మాత్రమే పని చేస్తుంది. పరికరాలు ఆరు దాటకూడదు. ఫైలును మెయిల్లో చెల్లెలికి పంపితే వెళ్తుంది, కానీ తెరుచుకోదు. కిండిల్ తాళం వేరు, తీరు మాత్రం ఇదే. 2025 ఫిబ్రవరి 26న అమెజాన్ ఇంకో తలుపు మూసింది. కొన్న పుస్తకం ఫైలును కంప్యూటర్లోకి దింపుకుని కేబుల్‌తో కిండిల్‌లోకి ఎక్కించుకునే వీలు అంతకు ముందు ఉండేది, ఇప్పుడు లేదు.

తాళం వెయ్యడం అన్యాయమని చెప్పడం తేలిక. లక్ష ప్రతులు క్షణాల్లో పుట్టించగలిగే వస్తువును అమ్ముకునేవాడికి భయం ఉండదా అంటే ఉంటుంది. అయితే ఈ తాళం దొంగను ఆపుతోందా? ప్రపంచంలో ఎక్కడో ఒకడు ఒకసారి విప్పితే చాలు, ఆ తర్వాత దొంగ ప్రతి చదివేవాళ్లెవరికీ తాళం కనపడదు. కనపడేది డబ్బు పెట్టి కొన్నవాడికే. 2009లో కిండిల్-2 పుస్తకాన్ని పైకి చదివి వినిపించే సదుపాయంతో వస్తే, అమెరికన్ రచయితల సంఘం అభ్యంతరం చెప్పింది. దాంతో ఏ పుస్తకానికి ఆ గొంతు నొక్కాలో ప్రచురణకర్తల ఇష్టానికి వదిలేశారు. చూపులేని పాఠకులు వీధికెక్కి నిరసన తెలిపారు. సైన్స్ ఫిక్షన్ వేసే టోర్ బుక్స్ 2012లో తన ఈ-బుక్‌లన్నిటికీ తాళాలు తీసేసింది. ఏడాది తర్వాత చూసుకుంటే పైరసీ చెప్పుకోదగ్గంత పెరగలేదని ఆ సంస్థే ప్రకటించింది.

తాళం విప్పడం నేరమా? అమెరికాలో 1998 నాటి చట్టం విప్పడాన్నీ, విప్పే పనిముట్టు అమ్మడాన్నీ కూడా తప్పుపడుతుంది. దిమిత్రీ స్క్ల్యరోవ్ అనే రష్యన్ ప్రోగ్రామర్ 2001 జులైలో లాస్ వేగస్‌లో ఒక సదస్సులో మాట్లాడి ఇంటికి బయల్దేరుతుంటే ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. అతను పనిచేసే ఎల్కమ్‌సాఫ్ట్ కంపెనీ అడోబ్ ఈ-బుక్‌ల తాళం విప్పే సాఫ్ట్‌వేర్ అమ్మేది. అతని దేశంలో అది నేరం కాదు. నిరసనలు చెలరేగి అడోబ్ వెనక్కి తగ్గింది. అతని మీద కేసు ఎత్తేసి కంపెనీ మీద నడిపించారు, 2002 డిసెంబరులో జ్యూరీ కంపెనీని నిర్దోషిగా వదిలేసింది.

మన చట్టాన్ని ఇంకాస్త ఇంగితంతో రాశారు. 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం, కాపీరైట్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టం నిషేధించని పని కోసం విప్పితే ఈ సెక్షన్ అడ్డు రాదు. అంటే విప్పినవాడి చెయ్యి కాదు, ఎందుకు విప్పాడన్నది ముఖ్యం. కొన్న పుస్తకాన్ని పాత కిండిల్ నుంచి కొత్త కంపెనీ పరికరానికి మార్చుకునేవాణ్ణీ, వెయ్యిమందికి పంచేవాణ్ణీ ఒకే గాటన కట్టకపోవడం మంచి ఆలోచన. అదే ఏడాది సవరణల్లో, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చడానికీ వీలు కల్పించారు. 2014లో, ఇదే అవసరం కోసం పుట్టిన మరాకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన మొదటి దేశం మనదే.

అమ్మకం పోయి లైసెన్స్ వచ్చిన ఈ మార్పుకు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవి లైబ్రరీలు. 1935లో కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని ఊరూరా తిప్పిన గ్రంథాలయోద్యమం వాళ్లు ఏ ప్రచురణకర్త అనుమతీ అడగలేదు. కొన్నారు, ఇచ్చారు. అట్ట ఊడితే బైండింగ్ చేయించుకున్నారు. ఈ-బుక్‌కు అలా కుదరదు. 2011లో హార్పర్‌కాలిన్స్ అమెరికన్ లైబ్రరీలకు ఒక నిబంధన పెట్టింది: ఒక్కో ఈ-బుక్‌ను 26 సార్లు అరువిచ్చాక అది పనిచెయ్యదు, మళ్లీ కొనుక్కోవాలి. అచ్చు ప్రతి ఆపాటికి చిరిగిపోతుంది కదా అన్నది వాళ్ల వాదన. అంతకంటే ఎన్నో ఎక్కువసార్లు తిరిగి ఇంకా బాగానే ఉన్న పుస్తకాలను లైబ్రేరియన్లు కెమెరా ముందు పెట్టి చూపించారు. చిరగని వస్తువుకు చిరుగును కూడా లైసెన్స్‌లో రాసి అమ్మడం, ఎంత వ్యాపారమైనా, కాస్త మితిమీరినట్టే ఉంది.

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఇంకో దారి పట్టింది. తన దగ్గర ఎన్ని అచ్చు ప్రతులుంటే అన్ని స్కాన్ ప్రతులే, ఒకసారి ఒకరికే అరువు. 2020 మార్చిలో కరోనాకి లైబ్రరీలన్నీ మూతపడ్డప్పుడు ఆ పరిమితి ఎత్తేసింది. జూన్‌లో నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టు ప్రచురణకర్తల వైపే చెప్పాయి. పరిమితి ఎత్తేసిన ఆ కొన్ని వారాలే కాదు, ఒకరికొకటి అన్న మొదటి పద్ధతి కూడా చెల్లదన్నాయి. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి పోయాయి. కరోనా నాడు చూపిన ఉదారత ఖరీదు అంత.

చట్టం ఏమన్నా, పాఠకుల మనసులో పంచుకోవడం తప్పు కాదు. ‘చదివి ఇచ్చేస్తా’ అని తీసుకెళ్లిన పుస్తకం తిరిగి రాకపోయినా స్నేహాలు చెడిపోని సంస్కృతి మనది. పీడీఎఫ్ ఫార్వర్డ్ చేసేవాడు కూడా తనను ఆ దాత కోవలోనే చూసుకుంటాడు. తేడా ఒకటుంది. అరువిచ్చినప్పుడు ఇచ్చినవాడి అలమరలో ఖాళీ ఏర్పడుతుంది. ఫార్వర్డ్ చేసినప్పుడు ఎవరి దగ్గరా ఏదీ తగ్గదు, రాసినవాడి దగ్గర తప్ప. తెలుగులో చాలామంది రచయితలు సొంత డబ్బుతో ఐదొందలో వెయ్యో ప్రతులు వేసుకుని, కట్టలు మంచం కింద పెట్టుకుని, అడిగినవాళ్లకు తామే పోస్టు చేసుకుంటారు. అలాంటి పుస్తకం పీడీఎఫ్ రెండు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పడటమంటే, ఆ ముద్రణకు గట్టి కోతే పడొచ్చు. వాళ్లంతా కొనేవాళ్లు కాదన్న మాట నిజమే. ఇరవై మంది కొనేవాళ్లున్నా అది ఆ రచయితకు నెల పోస్టేజీ.

పంచుకోవడాలన్నీ ఒకటి కాదన్న తేడాను మన కోర్టులు కూడా పట్టుకున్నాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి 2012లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి జెరాక్స్ షాపు మీద కేసు వేశాయి. విద్యార్థుల సిలబస్‌కు కావలసిన అధ్యాయాలను ఖరీదైన పుస్తకాల నుంచి ఏరి కట్టగా కుట్టి అమ్ముతోందని అభియోగం. బోధన కోసం చేసే కాపీలకు చట్టమే మినహాయింపు ఇచ్చిందంటూ 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు షాపు వైపు తీర్పు చెప్పింది. అప్పీలులో ధర్మాసనం కాస్త విచారణ జరగాలన్నా, మౌలికంగా ఆ మినహాయింపును నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలు కేసు వదులుకున్నారు. అదే హైకోర్టు 2022 ఆగస్టులో, ఇంగ్లిష్ పాఠాలు చెప్పే రచయిత్రి నీతూ సింగ్ కేసులో టెలిగ్రామ్ మీద కఠినంగా వ్యవహరించింది. ఆమె పుస్తకాలు, పాఠాలను డబ్బుకు పంచుతున్న ఛానళ్ల వెనక ఎవరున్నారో వివరాలు ఇమ్మంది. సర్వర్లు విదేశాల్లో ఉన్నాయన్న సాకు పనికిరాదంది. తరగతి కోసం చేసిన జెరాక్స్ ఒకటి, పరాయివాడి పుస్తకంతో చేసే వ్యాపారం ఒకటి.

తెలుగు పాఠకుల పరిస్థితి మరీ విచిత్రం. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌ను భారతీయ భాషల్లోకి తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి. తెలుగు రాలేదు. కినిగె లాంటి సైట్లు అడోబ్ తాళంతోనే తెలుగు పుస్తకాలు అమ్మాయి, అద్దెకూ ఇచ్చాయి. కానీ అచ్చులో లేని పాత తెలుగు పుస్తకం కావాలంటే చాలా సందర్భాల్లో పాఠకుడు చేరేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌కే. అక్కడున్న తెలుగు స్కాన్లలో చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చేసినవి. ఆ పనికి మూలమైన మిలియన్ బుక్ ప్రాజెక్టును నడిపించింది చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. పేజీలు వంకరగా, అంచుల్లో లైబ్రరీ ముద్రతో, అక్కడక్కడ స్కాన్ చేసినవాడి బొటనవేలితో ఉన్నా, తెలుగు పరిశోధన సగం వాటి మీదే నడుస్తోంది.

వాటిలో చట్టబద్ధంగా అందరివీ అయినవి ఎన్ని? రచయిత పోయిన ఏడాది ముగిశాక అరవై ఏళ్లు లెక్కపెట్టాలి. 1915లో పోయిన గురజాడ మీద ఏ పేచీ లేదు. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు 2022 జనవరి 1న విడుదలయ్యాయి, ఎవరైనా వేసుకోవచ్చు, ఫైలు పంచుకోవచ్చు. చలం కోసం 2040 దాకా, కొడవటిగంటి కుటుంబరావు కోసం 2041 దాకా, శ్రీశ్రీ కోసం 2044 దాకా ఆగాలి. పెద్దవాళ్ల పుస్తకాలకు ప్రచురణకర్తలున్నారు, దుకాణంలో దొరుకుతాయి, కొనుక్కోవచ్చు.

చిక్కు మూడో రకానిది. 1960ల్లో ఒకటి రెండు నవలలు రాసి, ఏ ఊళ్లో ఎప్పుడు పోయారో తెలియని రచయితలు. ప్రచురణాలయం మూతపడింది, వారసులెవరో తెలియదు, కాపీరైట్ మాత్రం ఇంకా ఉంది. 31ఏ సెక్షన్ దీనికి దారి చూపుతుంది: రచయిత జాడ తెలియనప్పుడు ఆ పుస్తకాన్ని వేసుకోవడానికి లైసెన్స్ కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. ముందు పత్రికలో ప్రకటన ఇవ్వాలి. 2021లో మేధో సంపత్తి అప్పీలు బోర్డును రద్దు చేశాక ఇలాంటి దరఖాస్తులు కోర్టుల ముందుకే వెళ్లాలి. నూట ఇరవై పేజీల నవల కోసం లాయరును పెట్టుకునేవాడు ఎవరు? పాత పుస్తకాల షాపులో దొరికిన ఆ ఒక్క ప్రతిని ఎవరో ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి, పేరు చెప్పకుండా ఆర్కైవ్‌లో పెట్టేస్తారు. చట్టం ప్రకారం అది ఉల్లంఘన, ఫిర్యాదు చెయ్యాల్సినవాళ్లెవరో మాత్రం ఎవరికీ తెలియదు.